పెద్దల మతికి పరీక్ష పెట్టేముందు



జూలూరుపాడు మండలంలో ఒక తండా అనుకుందాం. అక్కడ డెబ్బై దాటిన ఒక పెద్దామె. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, సంతలో తెలుగు. బడి గడప తొక్కలేదు. ఏడాదిగా చెప్పిందే చెబుతోందని, వస్తువు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి ఇల్లంతా వెతుకుతోందని కొడుకు ఆమెను బస్సెక్కించి కొత్తగూడెం తీసుకొచ్చాడు. డాక్టరు ఒక కాగితం ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు. ఇవాళ తారీఖెంత? ఇది ఏ సంవత్సరం? వందలోంచి ఏడు తీస్తే ఎంత, అందులోంచి ఇంకో ఏడు తీస్తే? ఇక్కడ రాసింది చదివి అలాగే చెయ్యి. నీకు తోచిన వాక్యం ఒకటి రాయి. ఈ బొమ్మ చూసి పక్కన అలాంటిదే గియ్యి. పెద్దామె కొడుకు మొహం చూసింది. కొడుకు "చెప్పు యాడీ" అన్నాడు, యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆమె సిగ్గుపడి తలొంచుకుంది. మార్కులు వేశారు. ముప్పైకి సగం కూడా రాలేదు.

ఆమెకు జబ్బుందా? ఆ కాగితాన్ని పట్టుకుని చెప్పలేం. పదేళ్ల కిందట, ఒంట్లో మతిలో ఏ లోపమూ లేని రోజుల్లో అడిగినా ఆమెకు మార్కులు అంతంతమాత్రంగానే వచ్చేవి. ఇవాళ నేను ఆ కాగితం గురించి మాట్లాడతాను. అంతకంటే ఎక్కువగా ఆ కాగితంలో లేని ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను. అమ్మా, నీ మతి సంగతి నీకేమనిపిస్తోంది? అన్నదే ఆ ప్రశ్న.

ముందు కాగితం సంగతి చూద్దాం. దాని పేరు మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. 1975లో మార్షల్ ఫోల్‌స్టీన్, సుసాన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ అనే ముగ్గురు అమెరికాలో తయారుచేశారు. మొత్తం 30 మార్కులు. 24 కంటే తగ్గితే అనుమానించాలని వాడుక. పది నిమిషాల్లో తేలిపోతుంది కాబట్టి దేశదేశాలకూ పాకింది. చదువుకున్న మనిషి దగ్గర అది బాగానే పనిచేస్తుంది, కాదనను. కానీ మార్కులు ఎలా పంచారో చూడండి. వందలోంచి ఏడేడు తీసే లెక్కకు 5. చదవడానికి 1, రాయడానికి 1, బొమ్మ గీయడానికి 1. పలకా బలపం పట్టనివాళ్లకు ఈ 8 మార్కులూ కుర్చీలో కూర్చోకముందే పోయినట్టు. మిగిలిన 22లో ఒక్క తప్పు కూడా చెయ్యకపోయినా ఆ మనిషి 24 దాటదు. అంటే బడికి పోకపోవడమే ఇక్కడ జబ్బుగా లెక్కకొచ్చింది.

తారీఖు సంగతీ అంతే. రోహిణి కార్తె ఎప్పుడు పోయిందో, మృగశిర ఎప్పుడొచ్చిందో వేళ్ల మీద చెప్పే రైతును పట్టుకుని ఇంగ్లీషు నెలలో ఎన్నో తేదీ అని అడగడం నా దృష్టిలో దండగ ప్రశ్న. ఆయనకు కాలం తెలుసు, కేలెండరు తెలియదు.

ఈ చిక్కు మన దేశంలో ఎవరికీ తట్టలేదని కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన బృందం ఒకటి ఈ పరీక్షను చదువురాని వాళ్లకు తగినట్టు మార్చింది. మేరీ గంగూలీ తదితరులు 1995లో దాన్ని ప్రచురించారు. చదివి కళ్లు మూసుకోమనే చోట, నా మొహం చూడండి, నేను చేసినట్టే చెయ్యండి అని పరీక్షించేవాళ్లే కళ్లు మూసుకుని చూపిస్తారు. వాక్యం రాయమనే చోట, మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమంటారు. మార్పు చిన్నదే. కానీ ఎదుటి మనిషి తలొంచుకోవాల్సిన పని తప్పింది.

మన దగ్గర ఈ దారిలో ఎక్కువ పని జరిగింది హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో. అక్కడి జ్ఞాపకశక్తి క్లినిక్‌లో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు ఆడెన్‌బ్రూక్స్ అనే 100 మార్కుల పరీక్షను తెలుగులోకి తెచ్చారు. అందులో ధ్యాస, జ్ఞాపకం, మాట ధార, భాష, చూపుతో పోల్చుకోవడం అన్నీ వేరువేరుగా తేలతాయి. తర్వాత అది తెలుగు, హిందీ, ఉర్దూ, తమిళం, కన్నడం, మలయాళం, మన దేశపు ఇంగ్లీషు, మొత్తం ఏడింటిలో తయారైంది. చదివినవాళ్లకొకటి, చదవనివాళ్లకొకటి. భారతీయ వైద్య పరిశోధన మండలి కూడా హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళాల్లో ఇలాంటి పరీక్షల పెట్టె ఒకటి సిద్ధం చేయించింది. మంచి పనే. కానీ ఆ జాబితాల్లో లంబాడీ లేదు, కోయ లేదు. జూలూరుపాడు నుంచి భద్రాచలం అడవి అంచుదాకా ఇళ్లలో పెద్దవాళ్లు కలలు కనేది ఆ భాషల్లోనే.

సువర్ణ అల్లాడి పేరు వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం పక్కదారి పడతాను, మన ప్రాంతానికి పనికొచ్చే విషయమే. 2013లో ఆమె బృందం నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా, అంటే మతి క్రమంగా జారిపోయే జబ్బు, ఉన్న రోగుల వివరాలు పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించింది. అందులో 391 మంది రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువువల్ల వచ్చిన తేడా ఏమో అని చూస్తే, చదువురాని వాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. అక్కడ ఇంకా ఎక్కువ, ఆరేళ్లు. ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకొకటి మాట్లాడడాన్ని మన తండాల్లో, గూడేల్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఆ పరిశోధన దానికి విలువ కట్టింది. రెండు భాషలుంటే జబ్బు రాదని మాత్రం అనుకోకండి, అందులో ఉన్నది ఆలస్యం సంగతే.

మరి కాగితం పక్కనపెడితే మనిషిని దేనితో కొలవాలి? ఆ మనిషి నిన్నటి బతుకుతోనే కొలవాలని నేనంటాను. ఆస్ట్రేలియాలో ఆంథొనీ జార్మ్ అనే ఆయన 1989లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. అందులో ప్రశ్నలన్నీ ఇంట్లోవాళ్లకే. పదేళ్ల కిందటితో పోలిస్తే ఈమె ఇప్పుడు ఈ పని ఎలా చేస్తోంది? బాగా చేస్తోందా, అలాగే ఉందా, తగ్గిందా? చదువుతో పని లేదు. దాన్ని మన నేలకు దించి చూడండి. ఎండాకాలం తునికాకు సేకరణలో కట్టకు యాభై ఆకులు. ముప్పై ఏళ్లు కల్లానికి కట్టలు అందించిన మనిషి చేతికి ఆ యాభై అలవాటై ఉంటుంది. ఆమె కట్టలు ఈ రెండేళ్లుగా నలభైకీ అరవైకీ ఊగుతుంటే అది గట్టి ఆనవాలు. పత్తి ఏరిన కూలి డబ్బులు ఎవరిచ్చారో ఎవరివ్వలేదో నోటిలెక్కగా చెప్పే మనిషి ఇచ్చినవాళ్లనే మళ్లీ అడుగుతోందా? పింఛను తీసుకొచ్చిన సాయంత్రమే పింఛను రాలేదంటోందా? ఎన్నేళ్లుగానో నడిచిన చేలగట్టు దారిలో ఎటు తిరగాలో తెలియక నిలబడిపోతోందా? పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తోందా? ఒకరోజు జరిగితే ఎవరికైనా జరిగేదే. ఆర్నెల్లుగా పెరుగుతూ పోతే దవాఖానకు పోవాలి.

ఇక్కడ మన ఇళ్లలో ఒక మెలిక ఉంది. అరవై దాటగానే, ఇక నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాం అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ పని చెయ్యనివ్వని మనిషిలో పని తప్పడం ఎలా కనిపిస్తుంది? డబ్బు కొడుకు దగ్గర, వంట కోడలి దగ్గర, మందులు మనవడి చేతిలో ఉంటే జబ్బు మూడు నాలుగేళ్లు హాయిగా దాక్కుంటుంది. బయటపడే సరికి నడిమి దశ వచ్చేస్తుంది. అప్పుడు కూడా, వయసొచ్చాక ఇంతే, చాదస్తం అని సరిపెట్టుకుంటాం. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం లెక్క ప్రకారం అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది. దేశం మొత్తం మీద దాదాపు 88 లక్షల మంది. పట్నాల్లో కంటే పల్లెల్లో, మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. వీళ్లందరినీ చాదస్తం ఖాతాలో వేసేస్తే ఎలా?

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. ఆ మనిషికి తన మార్పు తెలుస్తుందా?

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు ముందు 51 ఏళ్ల ఆవిడ కూర్చుంది. పేరు ఆగుస్టె. పేరు రాయమంటే మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేది. తనను తానే పోగొట్టుకున్నానని డాక్టరుతో అంది. ఆయన అది కేసు కాగితాల్లో రాసుకున్నాడు. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయింది. ఆమె మెదడును పరీక్షించి అదే ఏడాది నవంబరులో ఆయన చెప్పిన వివరాల వల్లనే డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ జబ్బుకు ఆయన పేరు వచ్చింది. అంటే పుస్తకాలకెక్కిన మొట్టమొదటి రోగికే తన లోపల ఏదో జారిపోతోందని తెలుసు. ఆ ముక్క మనం సులువుగా మరిచిపోతాం.

దీనికి పూర్తి ఎదురు సంగతి 1914లో పారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ చెప్పాడు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన కొందరు రోగులు తమకేమీ కాలేదంటారు. మొండితనం కాదు, అబద్ధమూ కాదు. లోపాన్ని కనిపెట్టాల్సిన మెదడు భాగమే దెబ్బతింటే లోపం ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? ఆయన దానికి అనొసొగ్నోసియా అని పేరు పెట్టాడు. డిమెన్షియాలోనూ ఇది కనిపిస్తుంది. కొందరిలో మొదట్లోనే, కొందరిలో పోనుపోను. ప్రవర్తన, మర్యాద ముందు మారిపోయే ఫ్రాంటోటెంపోరల్ రకంలోనైతే తన మార్పు తనకు తెలియకపోవడం తొలి లక్షణాల్లోనే ఒకటి.

దీన్ని కొలవడానికి వైద్యులు వాడే పద్ధతి వినడానికి భలే సాదాగా ఉంటుంది. పది మాటలు చదివి వినిపిస్తాం, తర్వాత ఎన్ని చెప్పగలవు అని ముందే అడుగుతారు. మామూలు మనిషి ఐదారు అంటాడు, ఇంచుమించు అన్నే చెబుతాడు. తొలి దశ అల్జీమర్స్ ఉన్న మనిషి ఎనిమిది అంటాడు, రెండు చెబుతాడు. ఆ తేడాయే కొలత. విచిత్రమేమంటే, పరీక్ష అయిన వెంటనే అడిగితే, అబ్బే, సరిగ్గా చెప్పలేకపోయాను అని ఆయనే ఒప్పుకుంటాడు. కాసేపాగి మళ్లీ అడిగితే మొదటికొస్తుంది. ఓడిపోయినట్టు ఆ క్షణాన తెలిసింది, కానీ ఆ తెలిసిన సంగతి లోపల నిలవలేదు. తన గురించి తాను వేసుకున్న అంచనా పదేళ్ల కిందట ఆగిపోయింది, గోడకు వేలాడే పాత కేలెండరులాగా. ఆయన తన మీద తనకున్న నమ్మకంతో మాట్లాడుతున్నాడు. అబద్ధమాడుతున్నాడని మనం అనుకుంటున్నాం.

ఇంకో కొలత ఉంది. ఒకే ప్రశ్నల పట్టీ రోగికీ ఇస్తారు, ఇంట్లోవాళ్లకూ ఇస్తారు. ఇద్దరి జవాబులకూ మధ్య ఎంత దూరముంటే అంత తెలియనితనం అని లెక్క. ఇందులో నాకో అభ్యంతరం ఉంది. ఇంట్లోవాళ్ల మాటే నిజమని ఈ లెక్క ముందే తీర్మానించేసింది. విసిగిపోయిన కోడలు ఎక్కువ చెప్పొచ్చు. పట్నంలో ఉండి పండక్కి వచ్చే కొడుకు తక్కువ చెప్పొచ్చు. పొలం పంపకాల గొడవ నడుస్తున్న ఇంట్లో ఎవరి జవాబు ఎందుకు అలా వచ్చిందో దేవుడికే తెలియాలి. అందుకని అడిగేవాళ్లు ఒక్కరిని అడిగి ఊరుకోకూడదు. పక్కింటామెనూ, కూడా కూలికి పోయే జట్టునూ, ఆశా కార్యకర్తనూ అడగాలి.

పైగా తెలియడం అనేది దీపం వెలిగిందా ఆరిందా అన్నంత తేలిక సంగతి కాదు. మాటలు మరిచిపోతున్నట్టు తెలిసిన మనిషికే డబ్బు లెక్క తప్పుతున్నట్టు తెలియకపోవచ్చు. పొద్దున తెలిసింది సాయంత్రానికి తెలియకపోవచ్చు. నోటితో నాకేం కాలేదు అంటూనే కొన్నాళ్లుగా ఒంటరిగా సంతకు పోవడం మానేసిన మనుషులుంటారు. కొంగు చివర ముడేసుకుని తిరిగేవాళ్లుంటారు. పెళ్లిలో ఎవరైనా పలకరిస్తే పేరు గుర్తురాక, బాగున్నావా బిడ్డా అని నవ్వేసి తప్పించుకునేవాళ్లుంటారు. నోరు ఒప్పుకోనిది చెయ్యి ఒప్పుకుంటుంది. ఇంకొందరికి అంతా తెలుసు, కానీ చెబితే ఇంట్లో మర్యాద పోతుందని, తాళంచెవులు లాగేసుకుంటారని భయం. మెదడువల్ల తెలియకపోవడం, మనసు ఒప్పుకోకపోవడం, సిగ్గుతో దాచడం, ఈ మూడూ బయటికి ఒకే మాటగా వినిపిస్తాయి: నాకేం కాలేదు. మూడింటికీ మనం చెయ్యాల్సింది మాత్రం వేరు.

మెదడువల్ల తెలియని మనిషితో వాదించి లాభం లేదు. నిన్న నువ్వు ఇలా చేశావు, మొన్న అలా చేశావు అని సాక్ష్యాలు తెచ్చి పంచాయితీ పెడితే మిగిలేది కోపమే. అక్కడ చెయ్యాల్సింది గ్యాస్ పొయ్యి, మందుల డబ్బా, డబ్బు, బావి గట్టు, వీటి మీద చప్పుడు చెయ్యకుండా కన్నేసి ఉంచడం. సిగ్గుతో దాచేవాళ్లకు ఏకాంతంలో మెల్లగా అడిగే మనిషి కావాలి. అన్నీ తెలిసినవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. జబ్బు సంగతి తెలిసినవాళ్లలో దిగులు ఎక్కువగా కనిపిస్తుంది. తిండి మానేస్తున్నారా, నిద్ర పట్టడం లేదా, బతికి ఏం లాభం అంటున్నారా అని గమనించాలి. ఆ దిగులుకు వైద్యం ఉంది.

ఈ మాటలు వింటున్నవాళ్లలో తమ మతి మీద తమకే అనుమానం ఉన్న పెద్దవాళ్లు కూడా ఉంటారు. ఇంతసేపూ మీ గురించి మీ పిల్లలతో మాట్లాడాను, అది మర్యాద కాదు. ఇప్పుడు మీతోనే. అమ్మా, అయ్యా, మీకు మతి జారుతున్నట్టు అనిపిస్తే దాచుకోకండి. ప్రతి మతిమరుపూ డిమెన్షియా కాదు. బి12 విటమిను తగ్గినా, థైరాయిడ్ తగ్గినా, దిగులున్నా, సరిగ్గా వినిపించకపోయినా, కంట్లో శుక్లాలున్నా, షుగరు బిళ్లలు ఎక్కువై షుగరు పడిపోయినా, నిద్రబిళ్లలకు అలవాటు పడినా మతి మందగిస్తుంది. వీటిలో చాలావాటిని సరిచెయ్యొచ్చు. చెవుడు, చూపు తగ్గడం, బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం ఇలాంటి 14 కారణాలను పట్టించుకుంటే ప్రపంచంలో డిమెన్షియా దాదాపు సగం, నూటికి 45 వంతులు, రాకుండానో ఆలస్యంగానో చెయ్యొచ్చని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం చెప్పింది. ఒకవేళ జబ్బే అయినా, తొలి దశలో మీకు ఇంకా చాలా తెలుసు, చాలా చెయ్యగలరు. ఆ రోజుల్లోనే మీ మాట మీరు చెప్పుకోవాలి. ఎవరి దగ్గర ఉండాలనుకుంటున్నారు, భూమి సంగతేమిటి, బ్యాంకులో నామినీ ఎవరు, రేపు నోట మాట రాని దశ వస్తే ఎలాంటి వైద్యం కావాలి, ఏది వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక జబ్బులకు సంబంధించినంతవరకు, ఈ వైద్యం సంగతి ముందే రాసిపెట్టుకునే హక్కు మీకిచ్చింది. మీ తరఫున మాట్లాడే మనిషిని మీరే ఎంచుకునే హక్కూ ఇచ్చింది. డాక్టరు చీటీ మీద డిమెన్షియా అని రాసినంత మాత్రాన మీ మాటకు విలువ పోదు. అర్థం కాని కాగితం మీద మాత్రం ఎవరడిగినా వేలిముద్ర వెయ్యకండి, అడిగినవాడు అయినవాడైనా సరే.

వైద్యులకు, నర్సులకు, ఆశా కార్యకర్తలకు ఒక విన్నపం. మార్కులు వెయ్యండి, తప్పులేదు. కానీ వేసేముందు చదువెంత, ఇంటి భాష ఏది, చూపు ఎలా ఉంది, చెవి వినిపిస్తోందా అని కాగితం పైన రాయండి. లంబాడీ, కోయ తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ మనిషి జవాబు అందించకుండా చూసుకోండి. కొడుకుతో మాట్లాడేముందు తల్లితో మాట్లాడండి. ఆమె కుర్చీలో ఉండగా ఆమె గురించి ఆమె తల మీదుగా మాట్లాడకండి. నీకేమనిపిస్తోంది అని అడిగి, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుంటే మార్కులు చెప్పనిది అందులో తెలుస్తుంది.

ఇంట్లోవాళ్లు మొదట పోవాల్సింది మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. అక్కడినుంచి కొత్తగూడెం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి, అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌కు రాయించుకోవచ్చు. పోయేటప్పుడు ఆమె వాడే మందులన్నీ, పాత చీటీలన్నీ సంచిలో వేసుకెళ్లండి. దిగులు, నిద్రలేమి, ప్రవర్తనలో మార్పు గురించి అడగాలంటే టెలిమానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రయినా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్లకు ఏ ఇతర సాయం కావాలన్నా 14567. రెండింటికీ డబ్బులు పడవు.